పప్పులో బల్లి పడలేదని చాటిన రోజులు

మా ఇలవేల్పు మీద ఒట్టు, పొద్దున తిన్న సర్వపిండి మీద ఒట్టు, ఇప్పుడు రాయబోయే దాంట్లో ప్రతి అక్షరం నిజం. నా సంగతి తెలిసిన మెదక్ వాళ్లు ఈ మాట చదివి మూతి తిప్పుకుంటారని తెలుసు; అయినా ఈసారికి నమ్మండి.

పోయిన ఆదివారం మా మేనకోడలు ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం, ఫోన్లలో, వీడియోల్లో కంపెనీల పేరు చెడకుండా కాపాడే పని. పీఆర్ అంటారట. ఎవరిదో బేకరీ కేకులో బొద్దింక కనబడిందని ఒక వీడియో తిరుగుతుంటే, ఆ బేకరీ వాళ్లు ఈ పిల్ల ప్రాణం తీస్తున్నారు. బొద్దింక లేదని మనమే ఒక వీడియో పెడితే ఎట్లుంటది మామా, అని నన్ను సలహా అడిగింది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి పడీ పడీ నవ్వాను. ఆ వీడియోలు పుట్టకముందే, ఆ పనే చేసినవాణ్ని నేను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆటోకు ముందొకటి వెనకొకటి గరాటు మైకులు కట్టి గల్లీ గల్లీ తిరిగే ప్రచారం. ఆ మైక్ సెట్టు మా మేనత్త భర్తది. ఆటో నడపడం మామ పని, గొంతు నాది. షాంపూలు చిన్న పాకెట్లలోకి, కలర్ టీవీలు వాయిదాల్లోకి కొత్తగా దిగిన ఏండ్లలో మొదలుపెట్టాను. ఏ సరుకు మెదక్‌కు వచ్చినా ముందు నా నోటి నుంచే రావాలి. సినిమా మారినా, కండ్ల డాక్టర్లు క్యాంపు పెట్టినా, ఎవరిదైనా బర్రె తప్పిపోయినా నేనే చెప్పాలి. ఒక బర్రె అయితే తన గుర్తులు మైకులో విని, ఆటో వెనకే నడిచి ఇంటికి చేరింది.

మైకు ఇంటికి చప్పుడు తెచ్చేదే గాని, బువ్వ తెచ్చింది మాత్రం మేనత్త హోటల్. బస్టాండు దగ్గర రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు, పప్పు, చారు, ఒక కూర. చర్చి వైపు ఉండే లెక్కల సారు ఒకాయన రోజూ మధ్యాహ్నం వచ్చి మూల బెంచీ మీద కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టగానే ఉప్పు తక్కువైందనేవాడు. అత్త ఉప్పు గిన్నె ఆయన ముందుకు జరిపి, మీ ఇంట్లో అక్క చెయ్యి ఇంకా చప్పగా ఉంటదని నాకు తెలువదా అనేది. ఏండ్ల తరబడి ఇదే మాట, ఇదే జవాబు. ఇద్దరికీ విసుగు రాలేదు.

రాష్ట్రం కోసం ఉద్యమం ఊపు మీదున్న కాలం వచ్చింది. బందుల్లో, రాస్తారోకోల్లో అరిచి అరిచి అలసిన పిల్లలంతా అత్త హోటల్లోనే తినేవారు. అట్లాంటి రోజుల్లో, ఎవరు పుట్టించారో ఏమో, అత్త పప్పులో బల్లి పడిందని బస్టాండులో ఒక మాట లేచింది. చూస్తుండగానే బెంచీలు ఖాళీ అయ్యాయి. మిగతావాళ్లు రాకపోవడం ఒక ఎత్తు, లెక్కల సారు ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణాన్ని దీక్షగా చూస్తూ దాటిపోవడం ఒక ఎత్తు; అత్తను కుంగదీసింది అదే. వండిన అన్నం బర్రెల కుడితిలోకి పోతోంది. ఇట్లే నడిస్తే షెడ్డు ఖాళీ చెయ్యక తప్పదని ఆమె మామతో అంటుంటే విన్నాను.

ఇంట్లో మైకుండగా భయమెందుకనుకున్నాను. అత్తకు చెప్పకుండా నేనూ మామా ఆటో తీశాం. బస్టాండు పక్క హోటల్ పప్పులో బల్లి పడలేదు, పడలేదు, పడలేదు అని, సినిమా ప్రచారానికి వాడే గొంతుతో ఊరంతా చాటాను. నా గొంతు అంత బాగా ఎన్నడూ పలకలేదు. ఆ ఊపులో శంకరంపేట వెళ్లాం, మర్నాడు నర్సాపూర్ కూడా వెళ్లాం. అప్పటిదాకా బస్టాండుకు మాత్రమే తెలిసిన బల్లి మా పుణ్యాన చుట్టుపక్కలంతా తిరిగింది. శంకరంపేటకు చేరేసరికి తల్లీ పిల్లా రెండు బల్లులయ్యాయి. నర్సాపూర్ అడవి పక్క ఊరు కదా, అక్కడ అది ఉడుమైంది. పప్పులో ఉడుమును ముందు వెయ్యాలా, పోపు అయ్యాక వెయ్యాలా అని ఒక ముసలాయన ఆటో ఆపి మమ్మల్నే అడిగాడు.

సంగతి తెలిసి అత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"బల్లి పడ్డదన్నోళ్లు నలుగురు. పడలేదని ఊరూరికి చెప్పింది నువ్వు," అన్నది. "ఇగ మైకు బంద్ చెయ్యి అల్లుడా. నేను జూస్కుంట."

ఆ వారమే ఊళ్లో వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే పంక్తిలో కూర్చుని తిని బండ్లు ఆపే నిరసన. వంటకు ఎప్పుడూ అత్తనే పిలిచేవారు. ఈసారి వేరొకామెను మాట్లాడుకున్నారు. అత్త ఎవరినీ అడగలేదు. పెద్ద గంజు నెత్తిన పెట్టుకుని రోడ్డు నడుమకు వెళ్లి మూడు రాళ్లు పేర్చింది. అందరి ముందే పప్పు చెరిగింది, కడిగింది, ఉడికించింది. గంజు మీద మూత మాత్రం పెట్టలేదు. జనం చుట్టూ చేరారు గాని దగ్గరికి ఎవరూ రాలేదు. పోపు పెట్టాక ఆమె గంటె పట్టుకుని, గుంపులో వెనక దాక్కున్న లెక్కల సారు దగ్గరికి నేరుగా నడిచింది.

"సారూ, గంటె మీరే పట్టుండ్రి. అడుగుదాక కలుపుండ్రి. ఏమన్న తేల్తే గిప్పుడే చెప్పుండ్రి, రేపే షెడ్డు ఖాళీ జేస్త."

సారు కండ్లద్దాలు సర్దుకుని అడుగుదాకా కలిపాడు, మళ్లీ కలిపాడు. అరచేతిలో కొంచెం వేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. బస్సుల్లో ఆగిపోయిన జనం కూడా కిటికీల్లోంచి ఆయన మొహమే చూస్తున్నారు.

"ఉప్పు తక్కువైందమ్మా," అన్నాడు.

అత్త ఎప్పటి జవాబు చెప్పబోయింది. అంతలోనే కొంగుతో మొహం తుడుచుకుంది. గుంపులోంచి ఒక ఆటో డ్రైవరు, నా ప్లేట్ల బల్లి ముక్క జర పెద్దది వెయ్యక్కా అన్నాడు. అయిపోయింది బిడ్డా, రేపు జల్ది రా, అని ఆమె తడి కండ్లతోనే అనేసరికి రోడ్డంతా నవ్వింది. జనం పంక్తిలో కూర్చున్నారు. మాట్లాడుకున్న వంటామె కూడా తన గంజు వదిలి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు అత్త లేదు, షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం. మైకు చిన్నదై అందరి జేబుల్లోకీ చేరింది. ఊరికొకటిగా ఉన్న నాలాంటి గొంతులు ఇంటికి నాలుగయ్యాయి. రేపు ఈ పీఆర్ ఎటు పోతుందో మేనకోడలికే తెలియాలి. నేనెరిగింది ఒక్కటే: ఆనాడు అనుమానపడ్డ మనిషికి ఒక మొహం ఉంది, కూర్చునే బెంచీ ఉంది, అత్త పోయి గంటె చేతికిస్తే అందుకున్నాడు. ఫోన్లో తిట్టేవాళ్లలో ఎవరి దగ్గరికని నడిచి వెళ్తాం?

ఒట్టు వేశాను గనక చివరగా ఒక మాట. ఉడుము నా కల్పన అనుకుంటున్నారేమో, కాదు, నిజం. బర్రె కూడా చాలావరకు నిజమే. కల్పించింది ఒక్కటే: మేనకోడలు నన్ను సలహా అడగలేదు. వరండాలో ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఈ కథంతా నేనే వెంటబడి చెప్పాను. స్క్రీన్ మీద వేలు జరుపుతూ, సూపర్ మామా అని, సగంలోనే లేచి పోయింది. బొద్దింక లేదన్న వీడియో మర్నాడు పెట్టారు.

నిన్న శంకరంపేట నుంచి మా చుట్టం ఫోను చేశాడు. ఆ బొద్దింకలు రెండట, నిజమేనా అని.