మామ మౌసూ, నా ఖాళీ తెరా

ఇరవై ఏళ్లు దాటని ఆ రోజుల్లో మనిషికి ఒక జబ్బుంటుంది, బాగా నడుస్తున్నదాన్ని విప్పి చూడాలనే జబ్బు. నాకది మా చిన్నమామ దుకాణంలో ముదిరింది. సిరుగుప్ప బస్టాండు ఎదుట జెరాక్సులు తీసి, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క ముసలి కంప్యూటరు. దాంట్లో విండోస్ తీసేసి లినక్స్ వేసింది నేనే (వైరస్ రాదన్న ఒక్క మాటకు మామ ఒప్పుకున్నాడు). కానీ మెనూలూ బొమ్మలూ ఉన్న ఆ డెస్క్‌టాపు ఎంత బరువంటే, బ్రౌజరు తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. ఆ హంగులన్నీ మానేసి కిటికీలు తెరిచి మూయడం తప్ప ఇంకేమీ చేయని ఒట్టి విండో మేనేజర్‌తో నడిపితే యంత్రం పరుగెడుతుందని ఎక్కడో చదివాను. ఇక ఆగుతానా! ఒక సాయంత్రం దాన్ని ఎక్కించి, లాగిన్ దగ్గర పాత సెషన్ బదులు దాన్నే ఎంచుకుని లోపలికెళ్లాను. బూడిదరంగు ఖాళీ తెర కనబడగానే మురిసిపోయాను. ఇంకేమీ నొక్కి చూడలేదు, మామ అప్పటికే షట్టర్ దించుతున్నాడు.

మామకు ఒక నియమం. పొద్దున్నే ఊదుబత్తి వెలిగించి, మానిటరుకూ కీబోర్డుకూ మౌసుకూ కుంకుమ పెట్టి, తానే పాస్‌వర్డు కొట్టి, తెరమీద లక్ష్మీదేవి బొమ్మకు దండం పెట్టాకే బోణీ. మర్నాడు కంప్యూటరు రాత్రి నేనెంచుకున్నదాన్నే తెరిచింది. మామ దండం పెట్టబోయి ఆగిపోయాడు.

"ఒరేయ్, లక్ష్మమ్మ యాడికి పాయె?"

బెంచీ మీద అప్పటికే హచ్చొళ్ళి నుంచి మొదటి బస్సుకు వచ్చిన తల్లీకూతుళ్లున్నారు. ఆ పిల్ల నర్సింగు సీటుకు దరఖాస్తు పెట్టడానికి అదే ఆఖరి రోజు. నేనేమో గురువులా గొంతు సవరించుకుని, ఖాళీచోట కుడి బటన్ నొక్కితే మెనూ వస్తుందని, బ్రౌజరు అందులోంచే తెరవాలని వివరించి నొక్కాను. రాలేదు. మళ్లీ నొక్కాను. ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమంతా మౌసు సందుల్లోకి దిగి, కుడి బటన్ రాయిలా బిగిసిపోయింది (దాంతో ఎవరికీ పనిపడక ఎవరికీ తెలియలేదు). ఆ పిల్ల జడపిన్ను అడిగి తీసుకుని గంటసేపు తవ్వినా లాభం లేకపోయింది. వెనక్కి వెళ్లి పాత సెషన్ ఎంచుకుంటే చిటికెలో అయిపోతుందని నాకు తెలుసు. కానీ మామ ముందు ఓడిపోవడమా?

చివరికి ఆ తల్లి లేచి వచ్చింది. "నీది గొప్పదేలే అప్పా, కాదనల్యా. ఈ సీటు పోతే మా పాప నాతోపాటు నాట్లకొస్తాది. ఈ పొద్దుకు పాతదాంట్లోనే చేసియ్యప్పా."

సిగ్గుతో చచ్చిపోయాను. కంప్యూటరు ఆర్పి, మళ్లీ వేసి, పాత సెషన్ ఎంచుకున్నాను. లక్ష్మమ్మ వచ్చింది, మామ కొత్త ఊదుబత్తి వెలిగించాడు. పేజీ రెండుసార్లు మధ్యలో ఆగింది, ఆగినప్పుడల్లా ఆ తల్లి కళ్లు మూసుకుంది. మధ్యాహ్నానికి దరఖాస్తు చేరినట్టు కాగితం చేతికొస్తే, దాన్ని మడిచి కొంగున కట్టుకుంది.

ఆ పిల్ల మాత్రం కదల్లేదు. "అన్నా, పొద్దున ఆ ఖాళీ తెర ఉండె గదా, అది ఎట్ల చేస్తివి? సూపిస్తావా?"

మామ నావైపే చూస్తున్నాడు. బస్సు పోతుంది పొమ్మని కసురుకున్నాను.

ఇప్పుడు నా లాప్‌టాపులో ఆ ఖాళీ తెరే. చూసినవాళ్లంతా చెడిపోయిందా అని అడుగుతారు. ఎలా చేశావని ఇన్నేళ్లలో అడిగింది ఆ పిల్ల ఒక్కతే. హచ్చొళ్ళికి ఇంకో బస్సు ఉందని నాకు ఆ రోజూ తెలుసు.