నక్షత్రం ఖాతాలో మా అడ్వాన్సు

పుంగనూరులో మేము బాడుగకున్న ఇంట్లో మా అమ్మ చనిపోయింది. తొంభైల చివరి మాట ఇది. ఆ తర్వాత కొద్ది వారాలకే నాకు కుప్పం బదిలీ అయింది. అక్కడ ఒక ఇల్లు కుదుర్చుకున్నాం. చేతిలో ఉన్నదంతా అమ్మ వైద్యానికి పోయింది కాబట్టి, పుంగనూరు అడ్వాన్సు తిరిగొస్తే తప్ప కుప్పంలో అడ్వాన్సు కట్టలేం.

ఇంటి యజమానిది నూనె అంగడి. తాళంచెవి తీసుకుని గల్లాపెట్టెలో వేసుకున్నాడు. నేను డబ్బు మాట ఎత్తితే ఆయన పంచాంగం ఎత్తాడు.

“మీయమ్మ పోయింది ధనిష్ఠలో సారూ. అయ్యవారిని అడిగినా. ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టల్లంట. ఆ బాడుగ నాకెవురిస్తారు? మీ అడ్వాన్సు దానికి సరిపాయె.”

“మంచి రోజు చూసుకుని చావలేదని మా అమ్మకు జరిమానానా?”

“మీయమ్మ బంగారట్లా మనిషి సామీ. సచ్చిన నచ్చత్రమే మంచిది కాదు.”

ఎవరికో నూనె కొలుస్తూ, నవ్వుతూ అన్నాడా మాట. ఆయన పిల్లల్ని మా వసారాలో కూర్చోబెట్టి ఎక్కాలు నేర్పింది మా అమ్మే.

మదనపల్లెలో చదువుకునే రోజుల్లో ఇలాంటి నమ్మకాల మీద వేదికలెక్కి వాదించి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. నక్షత్రానికి మన గోడలతో పనేమిటని ఆ అంగడి ముందు కూడా వాదించాను. ఆయన తాపీగా, “నీకు నమ్మకం లేకుంటే మానె. నాకుండాది గదా?” అన్నాడు. మూఢనమ్మకం అమాయకుల జబ్బని ఉపన్యాసాల్లో చెప్పేవాణ్ణి. కొందరికది జబ్బు కాదు, జీవనోపాధి. మదనపల్లెలో వకీలును కలిస్తే, రాతకోతలు లేని బాడుగకు కోర్టుకెక్కితే అడ్వాన్సు కంటే ఖర్చే ఎక్కువవుతుందన్నాడు.

చివరికి అప్పు చేసి కుప్పంలో అడ్వాన్సు కట్టాం. మరుసటి నెల గ్యాసు కనెక్షను మార్పించుకోవడానికి నేనూ నా భార్యా పుంగనూరు వెళ్ళాం. పాత వీధిలోంచి పోతుంటే ఆ ఇంటి ముందు ముగ్గు, దండెం మీద తడి చీరలు. గడపలో నిండు గర్భిణి ఒకామె కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా భార్య నేరుగా నూనె అంగడికి నడిచింది.

“ఏమప్పా, ఆర్నెల్లు మూసిపెడతానంటివే! ఆడ కాపరముండేదెవురు? కడుపుతో ఉండే బిడ్డకు నచ్చత్రం తగలదా?”

ఆయన గొంతు దిగిపోయింది. “మెల్లిగా మాట్లాడమ్మా. వాళ్ళు అడగలే, నేను సెప్పలే.”

“అయితే నేనే పోయి సెప్తా.”

గల్లాపెట్టె తెరుచుకుంది. పైసా తగ్గకుండా డబ్బు మా చేతికొచ్చింది. న్యాయానికీ తర్కానికీ కదలని మనిషి, కొత్త బాడుగ పోతుందన్న భయానికి కదిలాడు.

నూనెకు వచ్చినవాళ్ళు నలుగురూ అదంతా విన్నారు. వీధిలో మాట ఆగుతుందా? తర్వాతెప్పుడో పుంగనూరు బస్టాండులో, ఎవరో నన్ను చూపిస్తే, ఆ గర్భిణి భర్త దగ్గరకు వచ్చాడు. బి.కొత్తకోట మనిషి.

“సారూ, మీయమ్మ పోయింది ముందర రూములోనా, ఎనక రూములోనా?”

భార్య భయపడితే ఇల్లు ఖాళీ చేశారట. నడుమలో పోయినందుకు యజమాని వాళ్ళ అడ్వాన్సు పట్టేసుకున్నాడట.

“నచ్చత్రం సంగతి దాచిపెట్టినావు గదాని అడిగితిని సారూ. ‘నచ్చత్రాలకూ ఇంటి గోడలకూ యేం సమ్మందమప్పా, సదువుకున్న సారే సెప్పినాడు, అదంతా ఉత్తదే. మీరు భయపడి పోతే నాదా తప్పు?’ అన్యాడు. నిజమేనా సారూ, ఉత్తదేనా?”

ఉత్తదే. నా జీవితమంతా చెప్పిన మాటే అది. కానీ ఆ రోజు బస్టాండులో అతని మొహం చూస్తూ చెప్పబోతే, ఎవరో నమిలి ఉమ్మిన ఎంగిలి నా నోట్లో పెట్టుకున్నట్టనిపించింది.