దాని తప్పేం లేదండి

కాకినాడ ఆఫీసులో నా పక్క సీటాయనకి ఒక అలవాటుండేది. ఏ ప్రోగ్రాం ఆగిపోయినా మానిటరు అంచు మీద మెల్లగా తట్టి, "దాని తప్పేం లేదండి" అనేవారు. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఎవరో కసిరితే వెనకేసుకొచ్చినట్టుండేది.

మేం చూసేవి మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటరు మీద మా ఉద్యోగాలకన్నా ముందునుంచీ నడుస్తున్న ప్రోగ్రాములు. ఒకసారి సిస్టమ్‌ని కొత్త వెర్షన్‌కి మార్చగానే, ఎరువుల స్టాకు ప్రోగ్రాం పిచ్చి అంకెలు చూపించడం మొదలుపెట్టింది. తిరగరాసేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఇందులో ఒక్క అక్షరం మారలేదండి. ఇదివరకు సిస్టమే మెమరీని సున్నాలతో తుడిచి ఇచ్చేది. ఇప్పుడు అడిగితేనే తుడుస్తోంది, లేకపోతే అందులో ఎవరివో పాత అంకెలు మిగిలిపోతున్నాయి. అడగాలని దీనికేం తెలుసు పాపం."

పాత పద్ధతిలోనే తుడిచి ఇవ్వమని సెట్టింగుల్లో ఒక లైను చేర్చారు. ప్రోగ్రాం మళ్లీ నడిచింది.

ఆ వానాకాలమే ఉప్పాడలో ఆయన ఇంటి వెనకగోడ సముద్రంలో కలిసిపోయింది. చేపల వేటకెళ్లే వాళ్ల నాన్నగారు కట్టిన ఇల్లది. ఆఫీసులో ఎవరో, "అంత ఒడ్డున ఎందుకు కట్టారండి?" అని అడిగారు.

ఆయన చెయ్యి మానిటరు అంచు మీదికి వెళ్లి, తట్టకుండా అక్కడే ఆగింది.

"కట్టినప్పుడు ఒడ్డు చాలా దూరమండి. ఇల్లెక్కడికీ కదల్లేదు."

మిగతా ఇల్లూ పోయాక ఆయన రాజమండ్రిలో అద్దింటికి మారి, ఉద్యోగం కూడా అక్కడే చూసుకున్నారు. స్టాకు ప్రోగ్రాం ఇప్పటికీ ఆయన చేర్చిన లైను మీదే నడుస్తోంది. ఒడ్డును పాత చోటే ఉంచమని చెప్పే లైను మాత్రం ఆయనకీ రాయడం రాలేదు.