గ్రౌండు చుట్టూ సున్నం గీత

నేను పుట్టుకతోనే కంగారు మనిషినని మా ఆవిడ అంటుంది. తొమ్మిదింటి రైలుకి ఏడింటికే స్టేషన్‌లో కూర్చునే రకాన్ని. అలాంటి నేను ఒకే ఒక్కసారి, పరుగెత్తాల్సిన సమయంలో కుర్చీలోంచి కదల్లేదు. ఈ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి చెప్పే అవసరం లేదు. ఆవిడ ఎదురుగా నిలబడి చూసింది.

ఎనభైల మధ్యలో మాట. న్యూజెర్సీలో, పిస్కాటవేకి దగ్గర్లో ఉన్న ఒక టౌన్‌షిప్‌లో, పార్కుల డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాణ్ణి. మన దగ్గర సివిల్ ఇంజనీరింగ్ చదివి పదేళ్ళు బిల్డింగులు కట్టించినవాణ్ణి, ఇక్కడ రెండు కంపెనీలు లేఆఫ్ ఇచ్చాక బేస్‌బాల్ గ్రౌండ్లకి కొలతలు పెట్టే పనిలో కుదిరాను. ఆరు నెలల ప్రొబేషన్. నాలుగో నెల నడుస్తోంది. ఆఫీసులో ఎవరైనా గట్టిగా తలుపు వేసినా నా గురించేనేమో అనిపించేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉండేది నా బతుకు.

అక్టోబరులో బాస్ పిలిచి ఒక పని చెప్పాడు. మెల్‌బోర్న్ శివార్ల నుంచి ఒక ఫుట్‌బాల్ క్లబ్ వస్తోంది. అక్కడ సీజన్ అయిపోగానే క్లబ్ మొత్తం కలిసి ఎక్కడికో ఒకచోటికి ట్రిప్ వేయడం వాళ్ళ ఆనవాయితీ. ఈసారి అమెరికా. న్యూయార్క్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న ఆస్ట్రేలియన్లతో మన పార్కులో ఒక మ్యాచ్ ఆడతారు. వాళ్ళ ఆట వేరు. జట్టుకి పద్దెనిమిది మంది. గ్రౌండు కోడిగుడ్డు ఆకారంలో, మన ఫుట్‌బాల్ గ్రౌండుకి రెండింతలు ఉండాలి.

"నువ్వు ఇంజనీర్‌వి కదా, గీసెయ్. షెడ్డులో ఉన్న పౌడరే వాడు. ఏం కావాలన్నా నాకు ఫోన్ చెయ్యి" అన్నాడు.

రెండు మేకులు, ఒక పొడవాటి తాడు ఉంటే ఎంత పెద్ద కోడిగుడ్డయినా గీయొచ్చు. శుక్రవారం మధ్యాహ్నం గుర్తులు పెడుతుంటే క్లబ్ వాళ్ళు గ్రౌండు చూసుకోవడానికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన నా తాడు రెండో కొస పట్టుకుని సాయంత్రం దాకా నాతోనే తిరిగాడు. ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. ముక్కు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. వారమంతా ప్లంబర్ పని, శనివారం ఆట. వాళ్ళలో చాలామంది అంతేనట, ఒకడు పోలీసు, ఒకడు స్కూలు మాస్టారు. ఈయన పెళ్ళాన్నీ ఏడేళ్ళ కూతుర్నీ కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.

ఎందుకు తెచ్చాడో తాడు చుడుతూ చెప్పాడు. వాళ్ళ క్లబ్బుల్లో ఒక పద్ధతి ఉంది. ఒక ఆటగాడి ముఖ్యమైన మ్యాచ్‌కి ఆడవాళ్ళంతా కూర్చుని రంగు కాగితాలు అతికించి ఇంటి గోడంత బ్యానర్ చేస్తారు. దాన్ని రెండు కర్రలకి కట్టి నిలబెడితే, ఆటగాడు బిడ్డ చెయ్యి పట్టుకుని ఆ కాగితాన్ని చీల్చుకుంటూ గ్రౌండులోకి పరుగెత్తుతాడు. ఇది ఈయనకి ఆఖరి సీజన్. ముగింపు మ్యాచ్‌లకి ముందు తొడ కండరం తెగడంతో ఆ పరుగు దక్కలేదు. అందుకని క్లబ్ వాళ్ళు అమెరికా మ్యాచ్‌నే ఆయన వీడ్కోలు మ్యాచ్ అన్నారు.

"మా నాన్న కూడా ఇదే క్లబ్‌కి ఆడాడు, ఇదే నంబర్‌తో. నా చెయ్యి పట్టుకుని అలాగే పరుగెత్తాడు. నాకప్పుడు ఆరేళ్ళు. ఆ వయసులో నాకు గుర్తున్నది ఆ ఒక్క రోజే" అన్నాడు. "రేపు నా కూతురి వంతు."

అంత మాట విన్నాక భోజనానికి పిలవకుండా ఎలా ఉంటాం? ముగ్గుర్నీ రాత్రికి ఇంటికి రమ్మన్నాను.

శుక్రవారం, పైగా ఇంటికి చుట్టాలు. మా ఆవిడ గుమ్మం ముందు సిమెంటు గట్టు కడిగి బియ్యప్పిండితో ముగ్గు పెడుతోంది. ఆ పిల్ల కారు దిగి ఆవిడ పక్కనే గొంతుకూర్చుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండి సన్నగా జారడం చూసి నోరు తెరిచేసింది. మా ఆవిడ దాని చేతిలో కాస్త పిండి పోసి, వేళ్ళు పట్టుకుని రెండు గీతలు వేయించింది. మూడోది తనే వేసుకుంది. మొహమంతా పిండి పూసుకుని, లోపలికి రమ్మంటే రాదు. భోజనాల దగ్గర వాళ్ళమ్మ పప్పన్నం మెచ్చుకుంటూ, రేపు బ్యానర్ అతికించడానికి ఆడవాళ్ళూ పిల్లలూ పదకొండున్నరకే గ్రౌండుకి వెళ్తామని చెప్పింది. ఆ మాట నేను విన్నాను. అప్పడాల గిన్నె అందిస్తూ విన్నాను.

శనివారం ఆరింటికే గ్రౌండులో ఉన్నాను. షెడ్డులోది పాలరాతి పొడి. నాలుగు చక్రాల డబ్బాలో పోసి తోసుకుంటూ పోతే వెనకాల తెల్లటి గీత పడుతుంది. గ్రౌండు మరీ పెద్దదైపోయింది. ముప్పావు వంతు గీసేసరికి పొడి మొత్తం అయిపోయింది.

బాస్ నంబర్ జేబులోనే ఉంది. పార్కు గేటు దగ్గర ఫోనూ ఉంది. కానీ శనివారం పొద్దున్నే మనిషిని నిద్ర లేపి స్టాక్ చాలలేదని చెప్తే, నాలుగో నెల ఉద్యోగికి ఆ మాత్రం అంచనా వేయడం కూడా రాదా అనుకుంటాడు. ఆ భయంతో రోడ్డు మీద ఉన్న బిల్డింగ్ సామాన్ల షాపుకి వెళ్ళి, తాపీ పనికి వాడే సున్నం బస్తాలు వేసుకొచ్చాను. మా హైస్కూల్లో కబడ్డీ కోర్టుకీ పరుగుపందేలకీ సున్నంతోనే గీతలు వేసేవాళ్ళం. తెల్లగా ఉంది, మెత్తగా ఉంది, అంతవరకే చూశాను. సున్నం కలిపే కూలీల చేతులు ఎలా పగిలిపోతాయో పదేళ్ళపాటు సైట్లలో చూసినవాణ్ణి. ఆ పూట ఆ చేతులు గుర్తుకి రాలేదు. చెట్ల వైపున్న చివరి పావు వంతు గీత సున్నంతో పూర్తిచేసి, పదకొండు దాటాక ఇంటికి వచ్చాను.

మా ఆవిడ కాఫీ గ్లాసు అందిస్తూ నా చెయ్యి చూసింది.

"ఏంటండీ ఆ వేళ్ళు?"

"పౌడర్ అయిపోయింది. సున్నం కొని గీశాను."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని సింకు దగ్గరికి లాక్కెళ్ళి కుళాయి తిప్పింది. "మంట తెలియట్లేదా మీకు?"

తెలుస్తూనే ఉంది. చలికి అనుకున్నాను. వేళ్ళ సందులు ఎర్రగా చిట్లిపోయి ఉన్నాయి.

"వాళ్ళు చేతుల్లేని బనియన్లు, నిక్కర్లు వేసుకుని ఆడతారన్నారు కదా. ఎగిరి కింద పడతారటగా. బయట వాన కూడా పడేలా ఉంది. మొహానికీ కళ్ళకీ తగిలితే? వెళ్ళి చెప్పండి."

"చెప్తాను. ఎలా చెప్పాలో కాస్త ఆలోచించుకోనీ."

అప్పుడు టైము పదకొండూ ఇరవై. ఫ్రిజ్ మీద గోడ గడియారం. దాని ఎదురుగా డైనింగ్ కుర్చీలో కూర్చున్నాను.

ఏం ఆలోచించానో ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్పగలను. ముప్పై ఆరుమంది సున్నం మీద బోర్లా పడటం కళ్ళముందు కనిపిస్తూనే ఉంది. దాని పక్కనే బాస్ మొహం. ఎవరికీ తెలియకుండా పారతో ఎత్తి పోయొచ్చా? దానికి ట్రక్కు కావాలి, ట్రక్కు తాళం బాస్ దగ్గరుంది. గడ్డికి మందు కొట్టాం, అటువైపు వెళ్ళొద్దని అబద్ధం చెప్పొచ్చా? పాము చావకూడదు, కర్ర విరగకూడదు. మూడుసార్లు ఫోన్ ఎత్తి పెట్టేశాను. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. మ్యాచ్ రెండింటికి కదా, పన్నెండున్నర దాకా ఎవరూ రారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. రాత్రి విన్నమాట విననట్టే చెప్పుకున్నాను.

కిటికీ మీద చినుకులు పడ్డాయి. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నారా?" అంది. పన్నెండు. నలభై నిమిషాలు గడిచిపోయాయి. ఆవిడే కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టి, గొడుగు పట్టుకుని వచ్చి కారెక్కి కూర్చుంది.

పార్కులోకి మలుపు తిరుగుతూండగానే ఏడుపు వినిపించింది. చెట్ల కింద రంగు కాగితాల బ్యానర్ పరిచి ఉంది. పక్కనే తల్లి ఆ పిల్ల మొహాన్ని తువ్వాలుతో రుద్దుతోంది. పిల్ల రెండు చేతులూ తెల్లగా ఉన్నాయి. పక్కన బెంచీ కింద సిమెంటు పలక మీద మూడు గీతల ముగ్గు, సగం వేసి ఉంది. మా ఆవిడ దాన్ని చూసింది. నేను చూసింది కూడా ఆవిడకి తెలుసు.

"తుడవకండి, కడగాలి" అని అరుచుకుంటూ పరుగెత్తాను. ఆటగాళ్ళ కోసం పెట్టిన మంచినీళ్ళ డ్రమ్ము కుళాయి కిందకి పిల్లని లాగాం. ముందే వచ్చి ప్రాక్టీసు చేసుకుంటున్న తండ్రి అవతలి వైపునుంచి పరుగెత్తుకొచ్చి దాని తల పట్టుకున్నాడు. నేను రెప్పలు విడదీసి పట్టుకుంటే మా ఆవిడ గ్లాసుతో నీళ్ళు పోస్తూనే ఉంది. పిల్ల అరుస్తున్నా ఆపలేదు. వాచీ చూసుకుంటూ ఇరవై నిమిషాలు కడిగాం.

"ఏం పడింది కంట్లో?" అన్నాడు తండ్రి.

"సున్నం. ఈ వైపు గీత సున్నంతో వేశాను. నాదే తప్పు."

ఆయన "చూపు పోతుందా?" అని మాత్రం అడిగాడు. తెలియదన్నాను.

వాళ్ళ ముగ్గుర్నీ నా కారులోనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. మా ఆవిడ గ్రౌండులోనే ఉండిపోయి, సున్నం ఎక్కడ మొదలైందో అక్కడ గడ్డిలో గొడుగు గుచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో అందర్నీ దూరంగా ఉంచింది. ఆ తర్వాత క్లబ్ వాళ్ళు ఆ పావు వంతుకి లోపలగా బ్యాగులూ కోట్లూ వరసగా పెట్టి, అదే గీత అనుకుని ఆడారట. ఇవన్నీ నాకు సాయంత్రం తెలిశాయి.

ఎమర్జెన్సీ బయట ఆయన ప్రాక్టీసు బట్టల్లోనే కూర్చున్నాడు, భుజాల మీద నా కోటు కప్పుకుని. బూట్ల అడుగున మేకులు నేలకి టకటకా తగులుతుంటే, విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్కడా ఒక గోడ గడియారం ఉంది. రెండయినప్పుడు ఆయన తలెత్తి చూసి, "మొదలై ఉంటుంది" అన్నాడు. నా మొక్కులన్నీ అయిపోయి, మొక్కినవే మళ్ళీ మొక్కుకున్నాను. ఆ కన్ను బాగుంటే చాలు, ఉద్యోగం పోయినా ఫర్వాలేదనుకున్నాను. పొద్దున అనుకోలేకపోయిన మాట అప్పుడు ఎంత సులువుగా వచ్చిందో.

నాలుగున్నరకి డాక్టర్ బయటికి వచ్చింది. కుడి కన్ను పైపొర కాలింది, పది రోజుల్లో మానిపోతుంది, చూపుకి ఢోకా లేదు అంది. తల్లి ఏడ్చేసింది. డాక్టర్ ఆవిడ భుజం తట్టి, "వెంటనే కడిగారు కాబట్టి దక్కింది" అంది. ఆ 'వెంటనే' అన్న మాటకి ఆయన నావైపు తిరిగి నా చెయ్యి పట్టుకున్నాడు. పగిలిన వేళ్ళు భగ్గుమన్నాయి. వెనక్కి లాక్కోలేదు.

మ్యాచ్ అయిపోయింది. ఆయన కోసం చేసిన బ్యానర్‌ని ఎవరూ చీల్చలేదట, జట్టంతా పక్కనుంచి నడిచి గ్రౌండులోకి వెళ్ళిందట. తర్వాత అది వానకి ముద్దయిపోయింది. ఆ సాయంత్రం బాస్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన "పొద్దున్నే నాకు ఫోన్ చేస్తే అయిపోయేది కదా" అన్నాడు. సోమవారం ఇద్దరం కలిసి ఆ మట్టి ఎత్తి పోశాం. ఉద్యోగం పోలేదు. దేనికి అంత భయపడ్డానో, అది అసలు జరగనే లేదు.

అంతకుముందు, ఆదివారం పొద్దున, ఎయిర్‌పోర్టుకి వెళ్తూ ఆ ఆటగాడు కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చాడు. పిల్ల కంటికి తెల్లటి కట్టు. మా ఆవిడ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర, ముందురోజు నేను కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, సంచీలోంచి ఒక జెర్సీ తీశాడు. మడతలు కూడా విప్పనిది. వీడ్కోలు మ్యాచ్ కోసం క్లబ్ వాళ్ళు కొత్తగా కుట్టించారట, వాళ్ళ నాన్న నంబర్‌తో.

"దీన్ని వేసుకుని పరుగెత్తాల్సింది" అన్నాడు. "ఇది మీ దగ్గరుండాలి. సున్నం సంగతి చాలామంది దాచేసేవాళ్ళు. మీరు తెలిసిన వెంటనే పరుగెత్తుకొచ్చారు."

మా ఆవిడ గడియారం వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. పిల్ల జుట్టు సవరిస్తూ ఉండిపోయింది.

ఆయన జెర్సీ నా ముందుకి చాపి పట్టుకున్నాడు. వద్దనాలంటే కారణం చెప్పాలి. చెప్పలేక, రెండు చేతులతో తీసుకున్నాను.