వీడియో లేని పాట

చిన్నప్పుడు ఆలూరులో మాకు టీవీ లేదు... బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉండేది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. దూరపు జిల్లా నుంచి అప్పుడే బదిలీ మీద వచ్చాం. నాన్న ఉద్యోగం అక్కడే ఉండిపోయింది. కొత్త బడిలో పిల్లలు 'దుడ్లు' అంటే డబ్బులని తెలియక అందరిలో నవ్వులపాలయ్యాను... ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

అలా అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుంటే, ఒకరోజు ఎదురింటి షాహీన్ అక్క పిలిచింది.

"ఏమ్మే, ఎండలో కూచోనుండావు? లోపలికి రా... పాటలొస్తాండాయి."

అక్క పదో తరగతి తప్పి, ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. కుట్టు మిషను టీవీకి ఎదురుగా వేసుకునేది. వాళ్లన్న బళ్లారి నుంచి తెచ్చిన హిందీ పాప్ క్యాసెట్ ఒకటుండేది ఆమె దగ్గర. సినిమా పాటలు కావు... ఒక అమ్మాయి పాడిన పాటలు, అంతే. వాటికి తీసిన వీడియోలు సాయంత్రాలు పాటల ఛానల్లో వచ్చేవి.

ఎంత బాగా తీశారో! ఒకదాంట్లో ఊరంతా వెనక్కి నడుస్తుంది. ఒలికిన పాలు మళ్లీ గిన్నెలోకి పోతాయి. పాడే అమ్మాయి ఒక్కతే ముందుకు నడుస్తూ పాడుతుంది... ఎలా తీశారో నాకు అంతుపట్టేది కాదు. అక్కే కనిపెట్టింది.

"ఆమె పాటను తిరగేసి నేర్చుకోనుంటాదిమే. ఎనక్కి నడుస్తా పాడింటాది. తర్వాత బొమ్మంతా తిప్పేసినారు!"

ఆ రోజంతా మేమిద్దరం ఒక చరణాన్ని తిరగేసి పాడబోయి, నవ్వాపుకోలేక పడిపోయాం.

ఇంకో పాటలో మనుషులే కనిపించరు... గోడ మీద నీడలే. మేమూ తలుపులు మూసి, లైనింగు గుడ్డ కట్టి, టార్చి వేసి చూశాం. అక్క కత్తెర నీడ కొంగలా నోరు తెరిచింది.

క్యాసెట్లో చివరి పాట మాత్రం ఎన్నాళ్లు చూసినా టీవీలో రాలేదు. నెమ్మదైన పాట. ఎవరి కోసమో ఎదురుచూడటం గురించి అని అక్క చెప్పింది.

"దానికి తీయలేదేమోలే. మనమే తీద్దాం," అంది. మిషను తొక్కుతూనే చెప్పుకుంటూ పోయింది. "ఒక ఖాళీ బస్సు వస్తాది. పత్తికొండలో ఎవురో టమాటా గంప పెడతారు, ఎక్కరు. ఇంకోచోట గొడుగు పెడతారు, ఎక్కరు. ఆఖర్న బస్సు నిండిపోతాది... మనిషి మాత్రం ఒక్కడుండడు."

"మనం యాడ ఉంటామక్కా?"

"మనమా... రోడ్డు పక్కన. చూస్తాంటాం."

ఆ వేసవిలోనే అక్కకు రాయచూరు సంబంధం కుదిరింది. పోయే ముందు క్యాసెట్ నా చేతిలో పెట్టబోయి ఆగింది. "మీ ఇంట్లో టేపు రికార్డరు లేదు కదమే..."

"నువ్వే తీసుకోని పో అక్కా," అన్నాను.

నేను దిగులు పడిపోతున్నానని అమ్మ ఆ ఏడే టీవీ కొంది. అవే వీడియోలు మళ్లీ వచ్చేవి. ఏదో కొత్త సంగతి కనిపెట్టి, చెప్పబోయి పక్కకు తిరిగేదాన్ని... గోడ. కొన్నాళ్లకు ఆ ఛానల్ పెట్టడమే మానేశాను. తర్వాత మాకు కర్నూలుకు బదిలీ అయింది. అక్క వాళ్లు ఆ ఇల్లు ఖాళీ చేశారని ఎవరో అన్నారు. ఆమె జాడ మళ్లీ తెలియలేదు.

మొన్న ఫోన్లో ఆ ఆల్బమ్ దొరికింది. వీడియోలన్నీ ఉన్నాయి. చివరి పాటకు మాత్రం, పాట అయిపోయేదాకా ఆల్బమ్ అట్ట మీది బొమ్మే కదలకుండా నిలబడి ఉంది. కళ్లు మూసుకుని విన్నాను. మా అమ్మాయిని పిలిస్తే ఇయర్‌ఫోన్ ఒక చెవిలోంచి తీసి, "తర్వాత చూస్తాలే అమ్మా," అంది.

తన తప్పేం లేదు. ఇప్పుడు ఎవరి పాట వాళ్ల చెవిలోనే... ఒకే ఇంట్లో ఉంటూ, ఎవరు ఏ పాటకు కళ్లు తుడుచుకుంటున్నారో తెలియదు.

మీ పక్కన కూర్చుని పాటలు చూసినవాళ్లు ఎవరు? ఇప్పుడు యాడుండారు?