కీమా సరే, ఏం చీజు?

మా పెద్దమ్మకు కోపం వస్తే ముందు చేతిలోని గరిటె కింద పెట్టేది, ఆ తర్వాతే నోరు తెరిచేది. ఆ రోజు మాత్రం గరిటె చేతిలో ఉండగానే నోరు లేచింది. అదీ దొరసాని మీద.

గార్ల దగ్గర ఆ తెల్ల దొరసాని నడిపే మిషన్ దవాఖానలో పెద్దమ్మ వంటమనిషి. మా అమ్మకు అక్క. మా ఇంట్లో అందరం బోనాలెత్తేవాళ్లం, ఆమె ఒక్కతే పెండ్లయ్యాక ఏసును నమ్ముకుంది. తిట్లకు మాత్రం పాత దేవతలనే పిలిచేది. నేను పెద్దవంగర కోడలిని. పెండ్లయిన కొద్ది రోజులకే మా ఆయన భూస్వాముల మీద తిరగబడ్డ సంఘంలో కలిసి అడవి పట్టాడు. ఆయన కోసం పోలీసులు ఇల్లు సోదా చేయడం మొదలుపెట్టాక మా అత్త నన్ను పెద్దమ్మ దగ్గరికి తోలింది. "ఈడుంటే నిన్ను గుంజుకపోతరు బిడ్డా, ఆ తెల్లోళ్ల కంచె లోపటుండు" అంది. అట్లా నేను దవాఖాన వంటింట్లో ఉల్లిగడ్డలు కోయడానికి కుదురుకున్నాను. ఆ పని నాకు భలే కలిసొచ్చింది. ఎప్పుడు ఏడ్చినా ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఇంతకీ గొడవేమిటంటే, దొరసానికి వాళ్ల ఊరి బిస్కెట్ల మీద మనసు పోయింది. మాకు బిస్కెట్టంటే మానుకోట టేషన్ దగ్గర చాయ్‌లో ముంచుకుని తినే బిళ్ల. ఈమె చెప్పేది అది కాదు. మెత్తగా ఉబ్బుతుందట, దాని కడుపులో మాంసం పెట్టాలట. ఆమెది పాదిరిగారు పుస్తకం ముందేసుకుని నేర్పిన తెలుగు. "ఇది మిక్కిలి సులభము. పిండిలో వెన్న కలుపుము. లోపల కీమాయు చీజును పెట్టుము" అంది.

"కీమా సరే. ఏం చీజు?" అంది పెద్దమ్మ.

"చీజ్."

"అదేనమ్మా, ఏం చీజు పెట్టాల్నో చెప్పు."

"చీజ్ పెట్టుము!"

నిజాం రాజ్యంలో పుట్టినవాళ్లకు చీజ్ అంటే వస్తువు. కచేరీలో, ఠాణాలో, సంతలో వినీ వినీ ఆ ఉర్దూ మాట మా నోళ్లలో నానిపోయింది. కీమా పెట్టు, ఇంకో వస్తువు పెట్టు అంటే ఏ వంటమనిషికి మండదు? "ఆలుగడ్డనా, గుడ్డా, పుంటికూరనా? చీజుకొక పేరుండదా? చీజు చీజు అంటే నేనేమన్న సోదె చెప్పించుకోవాల్నా?" అని గరిటె ఊపింది పెద్దమ్మ. నేను ఉల్లిగడ్డల బుట్ట చాటున నవ్వాపుకోలేక చచ్చాను.

దొరసాని ముఖం ఎర్రబడింది. విసవిసా లోపలికి పోయి ఒక ఖాళీ రేకు డబ్బా తెచ్చి పెద్దమ్మ ముక్కు కింద పెట్టింది. పెద్దమ్మ వాసన చూసి, "ఇరిగిన పాల కంపు" అంది.

"అవును! పాలు విరిచి గట్టిగా చేసినది!"

"గట్ల చెప్పరాదు మరి. జున్ను."

దొరసాని తన పుస్తకం తిరగేసింది. అందులోనూ చీజ్ అంటే జున్ను అనే ఉందట. ఆ జున్ను వేరు, ఈనిన బర్రె మొదటి పాలతో మేం వండుకునే జున్ను వేరు అని ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. దవాఖాన వెనక కొట్టంలో బర్రె అప్పుడే ఈని ఉంది. బెల్లం వేయకుండా, ఉప్పూ మిరియాల పొడీ వేసి, గట్టిగా ముద్ద కట్టేదాకా ఆవిరి మీద ఉడికించింది పెద్దమ్మ. కత్తితో కోస్తే ముక్క నిలబడింది.

మొదటి వాయి నేను పాడు చేశాను. పిండి కనబడగానే చేతులకు పాత బుద్ధి వచ్చి, రొట్టెల పిండిని పిసికినట్టు దబదబా పిసికాను. అవి కాల్తే గుర్రపు నాడాల్లా తయారయ్యాయి. దొరసాని ఒకటి కొరికి, పన్ను పట్టుకుని దేవుణ్ని తలుచుకుంది.

ఆ మర్నాడే ఏటవతలి నుంచి గొర్లకాపరి ముసలవ్వ ఒకామె కంటి మందు కోసమని వచ్చింది. మందు తీసుకుని, వంటింటి గుమ్మంలో కూర్చుని, నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది. మా ఆయన ఏటవతల మామిడితోట కావలి గుడిసెలో చలిజ్వరంతో పడున్నాడు.

"కొయినా గోలీలు పడ్డయి బిడ్డా, జరం దిగింది. తిండే పడుతలేదు. గట్క పెడితె కక్కుతుండు, అంబలి పోస్తె కక్కుతుండు. దళం గోదారి దిక్కు అడవులకు పోతున్నది. నడిచెటోళ్లనే తీసుకపోతరు. ఈడ మిగిలితె మల్ల పోలీసోళ్ల పాలే."

ఆయన లేచి నడవాలంటే తినాలి. తినాలంటే నేను ఏదో ఒకటి ఏరు దాటించాలి. ఏటి రేవులో పోలీసులు సద్దిమూటలు విప్పి చూస్తున్న రోజులవి. ఇద్దరాడవాళ్ల దగ్గర నలుగురి తిండి కనబడిందా, దళానికే అని వీపు చిట్లగొట్టేవాళ్లు. ఎవరి ముందూ కంటతడి పెట్టనని మొండిపట్టు పట్టినదాన్ని, పెద్దమ్మ ముందు భోరుమన్నాను.

పెద్దమ్మ పిండి డబ్బా నా ముందు పెట్టి, "జొన్నరొట్టెలైతె దొరుకుతం. దొరసాని తిండైతె ఎవడు అడుగుతడు?" అంది. "రేపు ఆమె ఏటవతల మందులియ్య పోతది. ఆమె సద్ది మనమే మోస్తం. లే, పిండి కలుపు. పిసికినవంటె చేతులిరుస్త."

ఈసారి పిసకలేదు. వెన్న చల్లగా ఉండగానే పిండిలో వేళ్లకొసలతో నలిపాను. సోడా వేసి పుల్లమజ్జిగతో ముద్ద చేసి, చేతులు గట్టిగా కట్టుకుని దూరం జరిగాను. పెద్దమ్మ మేకమాంసాన్ని మొద్దు మీద సన్నగా కొట్టి, అల్లంవెల్లిగడ్డతో నీరింకేదాకా వేయించింది. బిళ్లలొత్తి, నడుమ కీమా, దాని మీద జున్ను ముక్క పెట్టి మూతి మూశాం. అడుగున ఇసుక పోసిన గుండిగలో పేర్చి, మూత మీద కూడా బొగ్గులేశాం. పైన నిప్పు, కింద నిప్పు. మూత తీసేసరికి ఒక్కొక్కటి ఉబ్బి, ఎర్రగా కాలి, నెయ్యి వాసనతో వంటిల్లు నిండిపోయింది. దొరసాని సులభము అన్నది నిజమే. చేతులు ఆగితే చాలు.

మర్నాడు పొద్దున గంపలో వాటిని పేర్చి, దొరసాని తెల్లబట్ట కప్పి, ఆమె ముందు పోయిన కాసేపటికి రేవుకు పోయాం. మీసాల జవాను ఒకడు లాఠీకొసతో బట్ట ఎత్తాడు.

"యే క్యా చీజ్ హై?" అన్నాడు. ఇదేం వస్తువు అని.

"హౌ సాబ్, చీజ్ హై" అంది పెద్దమ్మ.

"అరే, క్యా చీజ్?"

"చీజ్ సాబ్. కీమా భీ హై."

జవాను లాఠీ బిగించి పట్టుకున్నాడు. వెనక చెట్టు కింద కూర్చున్న రెండోవాడు అప్పటికే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. పెద్దమ్మకు భయమో, మొండితనమో, ఈ రోజుకూ నాకు తెలియదు. దొరసాని తనను విసిగించినట్టే ఆమె వాణ్ని విసిగించింది. "దొరసాని తినే చీజ్ సాబ్. దాని పేరే చీజ్. నేనేం జెయ్యాలె?" అంది. వాడు ఒకటి తీసి కొరికాడు. నమిలాడు. మీసం తుడుచుకుని, రెండు చేతులా అందినన్ని తీసుకుని, "జావ్, జావ్" అన్నాడు.

అవతలి ఊళ్లో దొరసాని వేపచెట్టు కింద రోగుల నడుమ కూర్చుని ఉంది. ఆమె వాటా ఆమెకు పెట్టాం. "ఇంతియేనా?" అంది. "పోలీసోళ్లు తిన్నరమ్మా" అంది పెద్దమ్మ. గంపలో ఇంకా బరువుందని ఆమెకు కనబడకపోదు. మా ఇద్దరి ముఖాలూ చూసి, "జాగ్రత్తగా వెళ్లుడి" అని మళ్లీ రోగుల వైపు తిరిగింది. ఆమె తెలుగును ఎన్నిసార్లు వెక్కిరించానో, ఆ క్షణంలో అంత ప్రేమ పుట్టింది ఆమె మీద.

గుడిసెలో మా ఆయన గోడకు ఒరిగి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, కండ్లు మాత్రమే పెద్దవయ్యాయి. గంప చూసి ముఖం తిప్పుకున్నాడు. "వద్దే, కక్కుత" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అంత దూరం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తే వద్దంటాడా!

"కక్కితె కక్కు. కొరికి కక్కు. నోట్లె పెట్టకుంట కక్కుడేంది?"

చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టాను. నమిలాడు. మింగాడు. పెద్దమ్మా నేనూ ఆయన గొంతు వైపే చూస్తున్నాం. ఏమీ కాలేదు. ఆయన చెయ్యి చాచి మిగతాది తనే అందుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకటి. పెద్దమ్మ ఏసుకూ ఎల్లమ్మకూ కలిపి దండం పెట్టింది.

మూడోది సగంలో ఉండగా దళం మనిషి తలుపు దగ్గరికొచ్చి, "నడుస్తవా అన్నా?" అని అడిగాడు. మా ఆయన నా భుజం పట్టుకుని లేచాడు. గుడిసె చుట్టూ ఒకసారి తిరిగాం. రెండోసారి తిరిగేటప్పుడు నా భుజం వదిలేశాడు. ఊగుతూనే నడిచాడు, కానీ నడిచాడు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. ఆ వెంటనే తెలిసొచ్చింది, నేను ఇంత కష్టపడి వండి తెచ్చింది ఆయన నన్ను వదిలి పోవడానికే అని.

మిగిలినవి తువ్వాలలో మూట కట్టి ఆయన చేతిలో పెట్టాను. నోటి నిండా బిస్కెట్టు కుక్కుకుని, తొందరలో, "పోత మరి" అన్నాడు.

నేను తువ్వాల కొస వదల్లేదు. "పోత అంటరా ఎవలన్న? సక్కగ అను."

ఆయన నిలబడ్డాడు. నోట్లోది నిదానంగా నమిలి, మింగి, నా ముఖంలోకి చూసి, "పోయొస్త" అన్నాడు.

అప్పుడు వదిలాను. వచ్చాడు కూడా. కాకపోతే ఆ రావడానికి రెండు వానాకాలాలు పట్టింది.