గొలుసులు బిగించిన రోజు

నా చిన్నప్పుడు మేము అమెరికాలోని నోవై ఊళ్ళో ఉండేవాళ్ళమంటే ఇప్పటి పిల్లలకు అదేమంత విశేషంగా అనిపించదు. ఇప్పుడక్కడ ఏ వీధిలో చూసినా మనవాళ్ళే. అప్పట్లో మాత్రం మా కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర మొక్కజొన్న కొయ్యకాళ్ళు తప్ప ఏమీ కనిపించేది కాదు. నాన్న కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు, అమ్మ హాస్పిటల్‌లో నర్సు. చవగ్గా వస్తోందని ఊరికి దూరంగా, పొలాల అంచున ఒక పాత ఇల్లు కొన్నారు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. బడి నుంచి వచ్చాక అమ్మ డ్యూటీ దిగేదాకా పక్క పొలం ఆంటీ ఇంట్లో ఉండేదాన్ని.

పక్క పొలం ఆంటీ తెల్లావిడ. అరవై దాటిన మనిషి. భర్త పోయాక ఒక్కతే ఆవుల్ని పెట్టుకుని పాడి నడిపేది. మాట తక్కువ. నాకు రొట్టె మీద వెన్న రాసి ఇచ్చి తన పని తను చేసుకుంటూ పోయేది. అయినా ఆవిడ దగ్గర నాకెప్పుడూ ఒంటరిగా అనిపించలేదు.

ఒక ఏడు మా తాతయ్య, అంటే నాన్నకు నాన్న, ఆరు నెలలు ఉండి వెళ్దామని గోదావరి జిల్లా నుంచి వచ్చాడు. తమ ఊళ్ళో మొదటి ట్రాక్టరు కొన్న మనిషి. ఆయన మాటకు ఎదురు చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఇంజినీరింగ్ చదివిన మా నాన్న కూడా కారు గురించి తాతయ్య ఏదైనా తప్పు చెబితే, తల వంచుకుని "అవున్నాన్నా" అనేసేవాడు. తాతయ్యకు ఇంగ్లీషు రాదు. అందుకని ఆయన ఎక్కడికి వెళ్ళినా తొమ్మిదేళ్ళ నేను పక్కన ఉండి ఆ మాట ఇటు, ఈ మాట అటు చెప్పేదాన్ని. నా తెలుగు విని ఆయన నవ్వేవాడు. "నీ నోట్లో వేడి బంగాళాదుంప ఉందేంటే?" అని ఏడిపించేవాడు.

ఆ పనిలో నేనొక చాకచక్యం నేర్చుకున్నాను. ఆయన మనసుకు నచ్చని మాట ఏదొచ్చినా అందులో కాస్త తీపి కలిపి చెప్పేదాన్ని. షాపువాడు కట్టేసే టైమైంది వెళ్ళిపొమ్మంటే, "రేపు తీరిగ్గా రమ్మంటున్నాడు తాతయ్యా, నువ్వంటే చాలా గౌరవంట" అనేదాన్ని. తాతయ్య మీసం సవరించుకునేవాడు. పెద్దవాళ్ళను నొప్పించకుండా ఉండటమే మర్యాద అని మా ఇంట్లో నాకు అర్థమైంది మరి.

ఆ జనవరిలో ఒక రాత్రంతా వాన పడింది. పడ్డ చినుకు పడ్డట్టే గడ్డకట్టే వాన అది. తెల్లవారి ఎండ వచ్చేసరికి నేను పుట్టి బుద్ధెరిగాక చూడని లోకం బయట ఉంది. ప్రతి కొమ్మకూ, ప్రతి గడ్డిపరకకూ, ఫెన్సింగు తీగలకూ అద్దం తొడిగినట్టుంది. గాలి వీస్తే చెట్లన్నీ గలగలమనేవి. తాతయ్య మంకీ క్యాప్ పెట్టుకుని అద్దానికి పట్టిన ఆవిరి తుడుచుకుంటూ కిటికీ వదలకుండా చూశాడు. కరెంటు పోయింది. రోడ్లు మూసేశారు. అమ్మ హాస్పిటల్‌లో, నాన్న ఫ్యాక్టరీలో ఉండిపోయారు. ఇంట్లో మేమిద్దరమే.

పొద్దెక్కాక ఆంటీ వచ్చింది. గడ్డిని ఎత్తే పంగల కర్రను ఊతంగా పొడుచుకుంటూ వచ్చింది. ఎడమ చెయ్యి మెడలోంచి వేసిన స్కార్ఫులో వేలాడుతోంది. పొద్దున్నే జారిపడిందట, మణికట్టు వాచిపోయింది. నాన్న కోసం వచ్చానంది. సంగతేమిటంటే వాలు కింద ఉన్న కొట్టంలో పదిహేను పడ్డలు, ఇంకా ఈనని కుర్ర ఆవులు, ఉన్నాయి. వాటిలో మూడు చూడివి. రాత్రి వేసిన గడ్డి అయిపోయింది, తొట్టిలో నీళ్ళు బిగుసుకుపోయాయి. ఆ పశువుల్ని పైకి తోలుకు రాలేం. మంచు మీద కాళ్ళు రెండు వైపులకూ జారి పడిందంటే ఆవు మళ్ళీ లేవదట. గడ్డీ నీళ్ళూ కిందికి చేరాలి, అదీ సాయంత్రం లోపల. ఆ పదిహేనే ఆవిడకు వచ్చే ఏటి పాడి, అవే ఆవిడ బతుకు. ఆంటీ ఇదంతా మామూలు గొంతుతోనే చెప్పింది.

నేను చెప్పింది విని తాతయ్య బూట్లు తొడుక్కున్నాడు. "ట్రాక్టరే కదా, పదండి" అన్నాడు.

ఆవిడ షెడ్డులో ఎర్ర రంగు వెలిసిన పాత ట్రాక్టరు ఉంది. వెనక తగిలించిన చెక్క పలక మీద గడ్డి మోపులు, నీళ్ళ క్యాన్లు కట్టాం. ఆంటీ మూలనున్న ఇనుప గొలుసుల కుప్పను ఒంటి చేత్తో ఈడ్చడం మొదలుపెట్టింది. అవి వెనక టైర్లకు తొడగాలంది. తాతయ్య ఆ కుప్పను చూసి నవ్వాడు. అప్పటికే సీటు ఎక్కి కూర్చున్నాడు.

"వరి దమ్ములో మోకాలి లోతు బురదలో నడిపినోణ్ణి, ఈ మంచో లెక్కా అని చెప్పవే ఆవిడకి."

నేను గొప్పగా చెప్పాను. ఆంటీ తల ఎత్తి నన్నే చూసింది. "ఐస్ ఈజ్ నాట్ మడ్, హనీ. టెల్ హిమ్ టు వెయిట్."

ఆ మాట నేను చెప్పలేదు. ఊళ్ళో మొదటి ట్రాక్టరు కొన్న మా తాతయ్యకు ఒక ఆడమనిషి, అదీ పరాయి మనిషి, ఆగమంటోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఏంటంటందే?" అని అడిగితే, "జాగ్రత్తగా వెళ్ళమంటోంది" అన్నాను.

బురదలో దిగబడకుండా ఉండాలంటే ఆగకూడదు, ఊపుగా పోవాలి. తాతయ్య అలాగే పోయాడు. షెడ్డు దాటి వాలు అంచుకు రాగానే వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. అవి తిరిగినకొద్దీ కింద మంచు ఇంకా నున్నబడింది. ట్రాక్టరు ముందుకు పోవడం మానేసి పక్కకు జారింది. అంత బరువున్న ఇనుప యంత్రం, పైన మా తాతయ్య, చప్పుడు లేకుండా, మెల్లగా, కాలువ వైపు జారిపోతుంటే నేను కేక కూడా వెయ్యలేకపోయాను. కాలువ ఇంకో రెండు బారలు ఉందనగా వెనక చక్రం ఫెన్సింగు గుంజకు తగులుకుని ఆగింది.

ఆంటీ పరుగెత్తలేదు. కర్ర పొడుచుకుంటూ వెళ్ళి, చెయ్యి చాపి ఇంజను ఆపింది. అరవలేదు. తాతయ్య కిందికి దిగాడు. మొహంలో నెత్తురు లేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"ఆవిడ నాకు ముందే చెప్పిందేంటే?"

నేను ఏడ్చేశాను. అప్పుడు చెప్పాను, ఐస్ బురద కాదందని, ఆగమందని. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. తాతయ్య తన మంకీ క్యాప్ తీసి నా నెత్తిన పెట్టాడు.

"ఇకనించి ఆవిడ అన్నది అన్నట్టే చెప్పు. నాకు కోపమొస్తే అది నా బాధ. నువ్వు మధ్యలో పంచదార కలపకు."

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. డెబ్భై ఏళ్ళ మా తాతయ్య షెడ్డు నుంచి గొలుసుల్ని ఈడ్చుకొచ్చి, ఆ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, తన భాష తెలియని మనిషి దగ్గర పని నేర్చుకున్నాడు. గొలుసు నిచ్చెనలా ఉంటుంది, రెండు పొడుగు గొలుసులు, మధ్యలో మెట్లలా అడ్డ గొలుసులు. దాన్ని మెలికలు లేకుండా టైరు మీద దుప్పటిలా పరవాలి. అడ్డ గొలుసుల కొసల్లో ఉండే కొక్కేల మొనలు బయటికి చూడాలి, లోపలికి ఉంటే టైరు చీరుకుపోతుంది. ఆంటీ చెప్పింది చెప్పినట్టు నేను చెప్పాను. "అలా కాదంటోంది తాతయ్యా. తిరగేశావంటోంది. మళ్ళీ తియ్యమంటోంది." ఆయన తీసి మళ్ళీ వేసేవాడు. ఒకసారి పరచిన గొలుసుల వంక చూస్తూ, "మన దమ్ము చక్రాలే ఇవి. అక్కడ బురదకి ఇనుము, ఇక్కడ మంచుకి ఇనుము" అన్నాడు. అది ఆంటీకి చెబితే మొదటిసారి నవ్వింది.

తొడగడం అయింది. తాతయ్య ఎక్కి పది గజాలు పోనిచ్చాడో లేదో ఆంటీ చెయ్యెత్తి ఆపింది. దిగి మళ్ళీ బిగించమంది. నేను అదే చెప్పాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఇప్పుడే ఒంట్లో బలమంతా పెట్టి బిగించాడాయె. అయినా దిగాడు. చూస్తే గొలుసు కిందికి నాలుగు వేళ్ళు దూరేంత వదులైంది. చక్రం నాలుగు చుట్లు తిరిగితే గానీ గొలుసు టైరు మీద సర్దుకోదట, అందుకే పది గజాలకు ఒకసారి దిగి చూడాల్సిందేనట. తాతయ్య మళ్ళీ బిగించాడు. ఇంకో పది గజాలకు ఆంటీ చెయ్యెత్తకముందే తనే ఆపి దిగాడు.

ఇక వాలు. నన్ను పైన గేటు దగ్గర నిలబెట్టి ఆంటీ గట్టు వెంట ట్రాక్టరు పక్కనే నడిచింది. ఆవిడ ఒక్కో మాట అంటుంటే నేను పైనుంచి గొంతు చించుకున్నాను.

"బ్రేక్ తొక్కొద్దంటోంది తాతయ్యా! చిన్న గేరుకే వదిలెయ్యమంటోంది! తొందరపడొద్దంటోంది!"

ఆ ట్రాక్టరు పెద్ద గజ్జెలు కట్టుకున్నట్టు ఘల్లు ఘల్లుమంటూ అడుగులో అడుగు వేసుకుంటూ దిగింది. ఇందాక తాతయ్యను కాలువలోకి నెట్టబోయిన మంచే ఇప్పుడు గొలుసుల కింద పటపటా పగిలి ముక్కలై ఎగురుతోంది. ఎండ పడి ఆ ముక్కలు మెరుస్తున్నాయి. ఒక్క అంగుళం పక్కకు జారలేదు. చుట్టూ అద్దం తొడుక్కున్న చెట్లు, మధ్యలో నిటారుగా కూర్చున్న మా తాతయ్య, పక్కన చెయ్యి కట్టుకుని నడుస్తున్న ఆంటీ. కింద కొట్టంలోంచి చప్పుడు విని పడ్డలు ఒక్కసారిగా అంబా అని అరిచాయి. నాకు ఎందుకో ఏడుపొచ్చింది, ఈసారి భయంతో కాదు.

పడ్డలు నీళ్ళు తాగాయి. చూడివి మూడూ ఆ తర్వాత క్షేమంగా ఈనాయి. మర్నాడు నాన్న ఇంటికొచ్చాక తాతయ్య కాలువ దాకా జారిన సంగతి కూడా దాచకుండా చెప్పాడు. "తప్పు నాదే. ఆవిడ నేర్పింది, నేను నేర్చుకున్నాను" అన్నాడు. నాన్న చేతిలో కాఫీ చల్లారిపోయింది. తన తండ్రి నోట ఆ మాట వినడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలట.

నేనూ అమ్మలాగే నర్సునయ్యాను. మనవాళ్ళలో పెద్దవాళ్ళు హాస్పిటల్‌కి వస్తే డాక్టర్లు నన్ను పిలిచేవాళ్ళు. "మా నాన్నకి కాస్త మెత్తగా చెప్పండి ఆంటీ" అని పిల్లలు నా చెవిలో అనేవాళ్ళు. నేను ఆయన చెయ్యి పట్టుకుని చెప్పేదాన్ని, కానీ డాక్టరు అన్నది అన్నట్టే చెప్పేదాన్ని. అంతటితో పాఠమంతా నేర్చేసుకున్నానని అనుకునేదాన్ని. అది సగమేనని పోయిన చలికాలం తెలిసింది.

మొదటి మంచు పడిన రోజున పదేళ్ళ నా మనవరాలిని డ్యాన్స్ క్లాసు నుంచి కారులో తీసుకొచ్చాను. ఇంట్లోకి రాగానే అది బ్యాగు కింద పెట్టి, వచ్చీరాని తెలుగులో అంది. "అమ్మమ్మా, యూ డిడ్న్ట్ సీ ద స్టాప్ సైన్. నాకు భయం వేసింది. నువ్వు స్నోలో డ్రైవ్ చేయకు."

మా అమ్మాయి గాభరాగా దాని నోరు మూయబోయింది. "అమ్మమ్మతో అలా మాట్లాడతారా? సారీ చెప్పు" అంది. నాకు కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. నలభై ఏళ్ళుగా ఈ మంచులోనే నడుపుతున్నదాన్ని. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అంతలో ఆ ట్రాక్టరు సీటు మీంచి మొహంలో నెత్తురు లేకుండా దిగిన మా తాతయ్య కనిపించాడు.

కారు తాళాలు తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాను.

"దాన్ని ఆపకే," అన్నాను. "అన్నది అన్నట్టే చెప్పనీ."